వత్తి ఎండిన పదకొండు రోజులు

ఆకాశాన్ని ఎనిమిది ముక్కలు చేయడం మబ్బులక్కకు తొమ్మిదో ఏటనే వచ్చు. తల ఎత్తి, నిలబడిన చోటే ఒక చుట్టు తిరిగి, పైన చెల్లాచెదరుగా ఉన్న మబ్బులన్నిటినీ మనసులోనే ఒక మూలకు ఊడ్చి, అవి ఎనిమిదిలో ఎన్ని ముక్కలు నింపుతాయో చెప్పాలి. పని అంతే. కాకపోతే మబ్బులు చెప్పిన చోట కుదురుగా కూర్చునే రకం కావు గనక అందులో ఎప్పుడూ కొంత తగువు ఉండేది. నాన్న మూడు అంటే ఆమె నాలుగు అనేది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూసి, "సరే, నాలుగే. నీ కళ్లు కొత్తవి," అని ఒప్పుకునేవారు. ఒప్పుకుని మూడే రాసేవారు.

ఊరి చివర వాతావరణ కేంద్రంలో ఆయన ముప్పై ఒక్క ఏళ్లు పరిశీలకుడిగా పనిచేశారు. ఆయన దిగిపోయాక అదే కుర్చీలో ఆమె పదకొండేళ్లుగా కూర్చుంది. వీధిలో ఆయన్ను మబ్బుల మాస్టారు అనేవాళ్లు, కాబట్టి ఈమె మబ్బులక్క అయింది. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం ఉంటుంది.

నాలుగో తారీఖున మాస్టారు చనిపోయారు. పొద్దున్నే టోపీ పెట్టుకుని కేంద్రం దాకా నడిచి వచ్చి, ఎప్పటిలాగే ఇంటికి వెళ్లి, వరండాలో కుర్చీలో కూర్చుని, చేతిలో పేపరు మడత విప్పకుండానే పోయారు. పదిన్నరకు తమ్ముడు ఫోను చేశాడు. మబ్బులక్క ఇంటికి వెళ్లింది. జరగవలసినవి జరుగుతున్నాయి, వచ్చేవాళ్లు వస్తున్నారు. ఒంటిగంటన్నర కాగానే ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అంది ఎవరో పిన్ని.

"రెండింటికి రీడింగు ఉంది పిన్నీ."

వెళ్లి చూసింది. వేడి ముప్పై రెండు పాయింటు నాలుగు. గాలి పడమర నుంచి. ఆకాశం ఎనిమిదిలో ఒకటి. రాసి, ఫోనులో చెప్పి, తిరిగి వచ్చి కూర్చుంది. పిల్ల గుండె రాయి అనుకున్నారు కొందరు. మరికొందరు, ఇప్పుడు కాదు, ఇంకో నాలుగు రోజుల్లో కుప్పకూలుతుంది చూడండి అన్నారు. నాలుగు రోజులూ అయ్యాయి, ఇంకో పదీ అయ్యాయి. ఆమె కుప్పకూలలేదు, ఏడవలేదు. టీలో చక్కెర రెండుసార్లు వేసుకుని తాగేసింది. ఇంట్లోకి నడిచొచ్చాక నేల మీద ఎర్రటి మరకలు చూసి, ఇవెక్కడివని వెతికితే తన మడమలో గాజుపెంకు కనిపించింది. పీకి అవతల పారేసింది. నొప్పి ఎక్కడో పక్కింట్లో పుట్టి అక్కడే సద్దుమణిగినట్టుంది.

పని మాత్రం ఒక్క పూట తప్పలేదు. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి ఆవరణలోకి వెళ్లేది. అక్కడ నాలుగు కాళ్ల మీద మనిషి ఛాతీ ఎత్తులో ఒక తెల్ల పెట్టె ఉంటుంది, గాలి దూరేలా చుట్టూ వాలుగా కొట్టిన చెక్కలతో. దాని తలుపు తెరిచి అంకెలు చూడటం, రాయడం, లోపలికొచ్చి ఫోను ఎత్తడం. అవతల హెడ్డాఫీసులో పాతికేళ్లుగా అంకెలు రాసుకునే ఫోను బాబాయి ఎప్పుడూ అదే గొంతుతో "చెప్పు తల్లీ" అంటాడు. ఆయన్ను ఆమె ఏనాడూ చూడలేదు.

పందొమ్మిదో తారీఖున కొత్తమ్మాయి భోజనం క్యారియరు పట్టుకుని కేంద్రానికి వచ్చింది.

కొత్తమ్మాయి అంటే తమ్ముడి భార్య. పెళ్లయి రెండు నెలలు. ఇంట్లో అందరూ కొత్తమ్మాయి అనడం మొదలుపెట్టారు, అదే నిలిచిపోయింది. చదువుకున్న పిల్ల, ఈ మధ్యనే బడిలో టీచరుగా చేరింది. ఆ రోజు బడికి సెలవు. దేనికైనా సంబరపడిపోవడం ఆమె ప్రత్యేకత. సబ్బు కొత్త రంగుది వస్తే సంబరం, బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే సంబరం. మామగారు పోయిన ఇంట్లో గట్టిగా నవ్వకూడదని పదిహేను రోజులుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతోంది, పాపం. వేళ్ల సందుల్లోంచి అప్పుడప్పుడూ కారిపోతూనే ఉంది.

"వదినా, మీ ఆఫీసుకు పైకప్పు లేదేంటి?" అంది ఆవరణ గేటు తోస్తూ.

"పైకప్పును చూడటమే ఇక్కడ ఉద్యోగం. కూర్చో."

"కూర్చోను. ఎల్లుండి అయిదో తరగతికి వాతావరణం పాఠం చెప్పాలి. పుస్తకం చదివితే నాకే నిద్రొచ్చింది. మీ తమ్ముణ్ని అడిగితే, మా అక్కనడుగు, నాకు మబ్బంటే గొడుగు అన్నారు."

"వాడు చిన్నప్పట్నుంచీ అంతే."

"నిద్రలో నవ్వుతారు, మీకు తెలుసా? నిన్న పొద్దున కూడా..." అని ఆగి నోటికి చెయ్యి పెట్టుకుంది. "సారీ వదినా."

"ఎందుకు సారీ? నవ్వనీ."

మబ్బులక్క అన్నం తింటూ పాఠం చెప్పింది. ఎన్నోసార్లు చెప్పిన పాఠమే, నాన్న దగ్గర విన్నదే. గొంతు దాని పాటికది చెప్పుకుపోయింది. గోడకు వేలాడుతున్న బారోమీటరును చూపించి, గాలికీ బరువుందని చెప్పింది. నెత్తి మీద నుంచి ఆకాశం చివరి దాకా ఎంత గాలుందో అంతా మన మీదే ఆనుకుని ఉంటుందని, అరచేయి చాపితే దాని మీద దగ్గర దగ్గర వంద కిలోల గాలి ఉన్నట్టేనని చెప్పింది.

కొత్తమ్మాయి అరచేయి చాపి చూసుకుంది. అటూ ఇటూ ఊపింది. "వందా? నాకు గాజుల బరువే తెలుస్తోంది."

"లోపల్నించి కూడా అంతే గట్టిగా తోస్తుంటుంది. రెండూ సమానం. అందుకే తెలీదు."

"అమ్మో, మరి లోపల్నించి తోయడం మానేస్తే?"

మబ్బులక్క ముద్ద నమిలి మింగింది. "మానదు," అంది.

తర్వాత కిటికీలోంచి మబ్బులు చూపించింది. ఎండకు నేల కాగితే దాన్ని ఆనుకున్న గాలీ కాగి తేలికై పైకి లేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పలచబడి చల్లబడుతుంది. చల్లబడ్డాక అందులోని ఆవిరి ఏ దుమ్ము రేణువునో పట్టుకుని చుక్కగా మారుతుంది. అలాంటి చుక్కలు కోట్లు కలిస్తే మబ్బు. ఆ చల్లదనం ఒక ఎత్తులో మొదలవుతుంది గనక గుట్టల్లాంటి మబ్బులన్నిటికీ అడుగు చదునుగా, గీత గీసినట్టు ఉంటుంది. ఇంకా పైన, బాగా చలిలో, ఈకల్లా ఉండేవి మంచు పలుకులు. దుప్పటిలా ఆకాశమంతా పరుచుకునేవి పొరల మబ్బులు.

"ఆ దూది ముక్క ఎంత బరువుంటుంది?"

"వందల టన్నులు."

"అబద్ధం! మరి నెత్తిన పడదే?"

"ఒక్కో చుక్క మరీ చిన్నది. కింద నుంచి లేచే గాలే మోస్తుంది."

కొత్తమ్మాయి ఇదంతా చేతి మీద పెన్నుతో రాసుకుంది. నోటుబుక్కు పక్కనే ఉంది. చేతి మీద రాసుకుంటే బాగుంటుందట.

రెండు కావస్తుంటే ఇద్దరూ ఆవరణలోకి నడిచారు. పెట్టె తలుపు ఉత్తరం వైపే ఎందుకుందో (ఎండ లోపల పడకూడదని), తెల్ల రంగే ఎందుకో (వేడి పట్టకూడదని) చెబుతూ మబ్బులక్క తలుపు తీసింది. లోపల పక్కపక్కనే రెండు థర్మామీటర్లు నిలబడి ఉన్నాయి. పొడిది ముప్పై మూడు పాయింటు రెండు. తడిది ముప్పై మూడు పాయింటు రెండు. ఆమె పెన్సిలు తీసింది.

"రెండూ ఒకటే చూపిస్తుంటే రెండెందుకు వదినా? ఒకటి చాలదూ?"

"ఒకటి మామూలుది. రెండోదాని బుడ్డికి సన్న గుడ్డ చుట్టి ఉంటుంది, దాని వత్తి కింద సీసాలో నీళ్లలో మునిగి ఉంటుంది. గుడ్డ నుంచి నీళ్లు ఆవిరవుతుంటే బుడ్డి చల్లబడి ఆ అంకె తగ్గుతుంది. గాలి పొడిగా ఉంటే ఎక్కువ తగ్గుతుంది. ఆ తేడాను బట్టి గాలిలో తేమ ఎంతో లెక్క వస్తుంది."

"తేడా లేదుగా మరి?"

"తేడా లేకపోతే గాలిలో తేమ నిండుగా ఉన్నట్టు. ఇంక ఆవిరి పట్టదు."

"నిండుగానా?" కొత్తమ్మాయి మబ్బులక్క మొహంలోకి చూసింది. "వదినా, పొద్దున ఆరేసిన బట్టలు అరగంటకే కట్టెల్లా అయ్యాయి. మీ పెదాలు చూసుకున్నారా? పగిలి రక్తం వస్తోంది."

మబ్బులక్క నాలుకతో పెదవి తడిమింది. ఉప్పగా ఉంది. పెన్సిలు ఆగింది.

చెయ్యి లోపలికి పెట్టి వత్తిని ముట్టుకుంది. అది గరగరమంది. పాత కట్టు గుడ్డలా గట్టిపడి, వేలికి తగిలిన చోట పొడి రాలింది. కింద సీసా ఖాళీ. లోపల గోడకు తెల్లటి చార ఒకటి, అడుగున ఒక చీమ చచ్చి పడి ఉంది.

"నీళ్లు అయిపోయాయి," అంది కొత్తమ్మాయి. "ఎవరు పోస్తారు రోజూ?"

మబ్బులక్క సీసాను బయటికి తీసి పట్టుకుంది. పైన గాలి వేగం కొలిచే డిప్పలు కిరకిరమంటున్నాయి.

"నాన్న," అంది మబ్బులక్క.

దిగిపోయాక కూడా ఆయన రోజూ ఏడున్నరకల్లా వచ్చేవారు. ఆమె వచ్చేసరికి ఆవరణలోంచి బయటికి వస్తూ ఎదురయ్యేవారు. "నీ ఆకాశాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. చూసొచ్చాను," అనేవారు. ఇల్లు విడిచి ఉండలేని పిల్లిలా తిరుగుతున్నాడీయన అని ఆమె వెక్కిరించేది. సీసా నింపడం, వారానికోసారి వత్తి మార్చడం ఆయనే చేస్తున్నారని తెలుసు. తెలుసంటే, తలుపుకు గడియ ఉందని తెలిసినట్టు. పరిశీలకుల పుస్తకంలో మొదటి పేజీలో మొదటి పని అది. పదకొండేళ్లలో ఆ పని ఆమె ఒక్కసారి కూడా చేయలేదు.

లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచింది. కొత్తమ్మాయి భుజం మీదుగా వంగి చూసింది. నాలుగో తారీఖు పొడికీ తడికీ తేడా ఏడు. అయిదున ఏడు. ఆరు, ఏడు తారీఖుల్లో ఏడు, ఏడున్నర. ఎనిమిది పొద్దున ఆరు, మధ్యాహ్నం నాలుగు, సాయంత్రం ఒకటిన్నర. తొమ్మిది పొద్దున సున్నా. అక్కణ్నించి కిందికి అన్నీ సున్నాలే. ముప్పై ఒక్క పూటలు. అన్నీ ఆమె చేతిరాతే, ముచ్చటగా ఉంది, ఒక్క కొట్టివేత లేదు. చినుకు రాల్చని ఆకాశం కింద, పెదాలు పగిలే ఎండలో, గాలి నిండా నీళ్లున్నాయని పదకొండు రోజులుగా రాసుకుంటూ పోయింది.

"నాలుగున మామయ్యగారు పోసిన నీళ్లు," అంది కొత్తమ్మాయి మెల్లిగా, వేలితో గడుల వెంట దిగుతూ, "ఎనిమిది దాకా వచ్చాయి."

మబ్బులక్క లేచి బీరువా తీసింది. శుద్ధనీటి డబ్బా మీద నాన్న చేతిరాత కాగితం అంటించి ఉంది: తాగరాదు. దాని పక్కన అట్టపెట్టెలో గుడ్డ చుట్ట, దారం ఉండ, చిన్న కత్తెర. ఎలా కట్టాలో చేతులకు తెలియలేదు. మొదటి ముడి జారింది, రెండోది మరీ బిగిసింది. కొత్తమ్మాయి చీర కొంగు కుచ్చులకు ముడేసినంత ఓపికగా మూడో ముడి వేసి పెట్టింది. నీళ్లు పోశారు. పావుగంట ఆగారు. తడి థర్మామీటరులో పాదరసం దిగడం మొదలైంది. ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిది. ఇరవై అయిదు పాయింటు ఆరు దగ్గర నిలబడింది.

"దిగింది దిగింది!" అని చప్పట్లు కొట్టింది కొత్తమ్మాయి. వెంటనే చేతులు వెనక్కి దాచుకుంది.

ఫోనులో ఆ అంకె చెప్పగానే అవతల పెన్ను కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఫోను బాబాయి, "అమ్మయ్య," అన్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదు తల్లీ."

"అమ్మయ్య అన్నారుగా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. తొమ్మిదో తారీఖునే తనకు అర్థమైందని, తండ్రి పోయిన పిల్లను ఏమని అడగనని ఊరుకున్నానని చెప్పాడు. ఆమె చెప్పిన తడి అంకెలు ఆయన రాసుకోలేదు. చుట్టుపక్కల కేంద్రాలు చూసి, నిరుటి ఇదే వారం చూసి, అటూ ఇటూగా సరిపోయేవి తనే వేసుకుంటూ వచ్చాడు.

"రేపు తనిఖీ ఆఫీసరు మీ దగ్గరికే వస్తున్నాడు, తెలుసుగా? మూడు కేంద్రాల్లో మనుషుల్ని తీసేసి యంత్రాలు పెట్టాలని జాబితా రాస్తున్నారు. మీది అందులో లేదు. ఎందుకు లేదు? నలభై రెండేళ్లలో ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క అంకె తప్పు లేదు. అది చూసి మీ జోలికి రాలేదు. కాగితం తీసుకో. నా అంకెలు చెప్తాను, కొత్త పేజీలో ఎక్కించేయ్. నీకూ నాకూ తప్ప పురుగుకు కూడా తెలీదు."

మబ్బులక్క కాగితం తీసుకుంది. ఆయన చెప్పాడు, ఆమె రాసింది. ముప్పై ఒకటి.

ఆరింటి రీడింగు దాకా కొత్తమ్మాయి ఉండిపోయింది, కలిసి ఇంటికి వెళ్దామని. కిటికీలోంచి వాలు ఎండ టేబులు మీద పడుతోంది. మబ్బులక్క రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, స్కేలు పెట్టి గళ్లు గీసి, ఎక్కించడం మొదలుపెట్టింది. తొమ్మిదో తారీఖు ఉదయం, పొడి ఇరవై ఎనిమిది పాయింటు ఆరు, తడి ఇరవై రెండు పాయింటు తొమ్మిది.

"రాసేయండి వదినా," అంది కొత్తమ్మాయి. "ఎవరికి నష్టం? పెద్దాయన మంచికేగా చెప్పాడు. మీ ఉద్యోగం పోతే నాకు మబ్బుల గురించి ఎవరు చెప్తారు?"

"ఊఁ."

అంకెలు బాగున్నాయి. చాలా బాగున్నాయి. పాతికేళ్లు అంకెలు విన్న మనిషి వేసిన అంకెలు, ఎవరూ వేలు పెట్టలేరు. పది, పదకొండు, పన్నెండు. తేడా ఆరు, ఏడు, ఏడున్నర. రాసేకొద్దీ చెయ్యి తేలిగ్గా సాగింది. ఏడో తారీఖుకూ ఈ పేజీకీ మధ్య అతుకే కనపడటం లేదు. నీళ్లు తగ్గిన ఎనిమిదిని కూడా కాస్త సర్దితే అసలు ఏమీ జరగనట్టే ఉంటుంది.

పదమూడు దగ్గర ఆమె పెన్ను ఎత్తింది.

ఈ పేజీ ప్రకారం, తొమ్మిది పొద్దున ఎవరో సీసా నింపారు. పది పొద్దున కూడా నింపారు. పదకొండున కొత్త వత్తి కట్టారు. ఏడున్నరకు టోపీ పెట్టుకుని గేటు తోసుకుని వచ్చారు. ఈ పేజీలో నాన్న ఇవాళ్టి దాకా బతికే ఉన్నారు.

ఆ పేజీని ఆమె చాలాసేపు చూస్తూ కూర్చుంది. దాన్ని అలాగే ఉంచాలని ఉంది. నాలుగో తారీఖు తర్వాత ఏదైనా కావాలని అనిపించడం ఆమెకు ఇదే మొదటిసారి.

"ఏమైంది వదినా?"

"ఎవరూ రాలేదు," అంది మబ్బులక్క.

"ఎక్కడికి?"

"ఇక్కడికి. పదకొండు రోజులు."

కొత్త పేజీని స్కేలు పెట్టి తిన్నగా చింపింది. పాత పేజీకి తిరిగి, ఎర్ర సిరా పెన్ను తీసి, తొమ్మిది నుంచి పందొమ్మిది పొద్దుటి దాకా తడి అంకెలన్నిటి మీదా ఒక్కొక్క గీత గీసింది, కింద అంకె కనిపించేలాగే. పక్కన గడిలో రాసింది: సీసాలో నీళ్లు పోయలేదు. వత్తి ఎండింది. అంకెలు చెల్లవు. సంతకం చేసింది. తర్వాత ఫోను ఎత్తింది.

"బాబాయ్, మీవి కూడా కొట్టేయండి."

"నీకేమన్నా పిచ్చా? జాబితాలో మీ పేరు నీ చేత్తో నువ్వే రాసుకుంటున్నావు."

"మీరు వేసినవి మంచి అంకెలే. కానీ అవి ఇక్కడి గాలివి కావు బాబాయ్."

అవతల కుర్చీ కిర్రుమంది. "మీ నాన్న పంతమే దిగింది నీకు. ఆయనతో వేగలేక నాకు జుట్టు తెల్లబడింది," అన్నాడు. కాసేపటికి కాగితం మీద పెన్ను గీసుకుపోతున్న శబ్దం వినిపించింది. ఆమెకు వినిపించాలనే గట్టిగా గీస్తున్నట్టుంది.

మర్నాడు తనిఖీ ఆఫీసరు పదింటికి దిగాడు. బక్కపలచని మనిషి. నుదుటి మీదికి నెట్టిన కళ్లజోడు కోసం సంచీ అంతా వెతికాడు. మబ్బులక్క నుదురు చూపించింది. "ఆఁ," అని కిందికి లాగి, వాననీళ్ల గొట్టం కొలిచి, పెట్టె తలుపు తీసి, ముడిని చూసి, "ఇదెవరు కట్టారు?" అన్నాడు.

"మా మరదలండీ."

"చీర కొంగు కుచ్చుల ముడిలా ఉంది. పర్లేదు, నిలుస్తుంది."

రిజిస్టరు దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. సంచీలోంచి హెడ్డాఫీసు నకలు తీసి పక్కన పెట్టుకున్నాడు. అందులోనూ అవే ముప్పై ఒక్క గీతలున్నాయి.

"అక్కడా కొట్టేసుంది, ఇక్కడా కొట్టేసుంది. ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

"అవునండీ. కూడబలుక్కునే కొట్టేశాం."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "నీళ్లు పోయలేదు అని రాశారు. ఎవరు పోయలేదు?"

"నేనేనండీ."

"పదకొండేళ్లుగా చేస్తున్న పనేగా? ఆ వారం ఏమైంది?"

"నేనెప్పుడూ పోయలేదండీ. మా నాన్న పోసేవారు. నాలుగో తారీఖున చనిపోయారు."

ఆఫీసరు వేలు నాలుగో తారీఖు మీద పెట్టి మెల్లిగా కిందికి జరుపుతూ వచ్చాడు. ఏడు, ఏడు, ఏడున్నర, ఆరు, నాలుగు, ఒకటిన్నర. సున్నా దగ్గర వేలు ఆగింది. "ఈ ఎండలకు నాలుగున్నర రోజులు," అన్నాడు. "నిండా పోసేవాడన్నమాట."

"అవునండీ. అంచు దాకా."

"ఒక మాట చెప్పనా? నలభై ఏళ్లలో ఒక్క ఖాళీ లేని రిజిస్టరంటే నాకు మొదట్నించీ అనుమానమే. మీ నాన్నకు జ్వరమే రాలేదా? ఇరవై ఆరేళ్ల కిందట నేను హెడ్డాఫీసులో కొత్తగా చేరి ఈ పేజీలే సరిచూసేవాణ్ని. ఒక వారమంతా చేతిరాత వేరేగా ఉంది. అందులో ఏడుకు తోక పెట్టి ఉంది, ఎలుకకు ఉన్నట్టు. అప్పట్నుంచీ అడగాలని."

మబ్బులక్కకు ఆ వారం గుర్తొచ్చింది. నాన్నకు జ్వరం. ఆమె కాళ్ల కింద స్టూలు. కిటికీలోంచి దుప్పటి కప్పుకుని ఆయన అరుస్తున్నారు, "పాదరసం పైఅంచు చూడు! కళ్లకు సమానంగా!" తడి వత్తిని ముట్టుకుని, చల్లగా ఉందని తను నవ్వితే ఆయన అక్కణ్నించే కోప్పడటం.

"అది నేనేనండీ," అంది. "తొమ్మిదేళ్లు నాకప్పుడు."

"అంకెలు సరైనవేనా?"

"సరైనవేనండీ. తోక మాత్రం నా సొంతం."

ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. తనిఖీ పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే చెప్పాడు. ఈ కేంద్రం పేరు జాబితాలో చేర్చక తప్పదు. ముప్పై ఒక్క గడులు తక్కువేం కాదు. వచ్చే ఏడు యంత్రం వస్తుంది. వచ్చాక రెండేళ్ల పాటు యంత్రం అంకెలూ మనిషి అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రెండేళ్లకు మనిషి పేరు రాయమని ఒక గడి ఉంది. అందులో ఆమె పేరు రాశాడు, జీతం కాగితం మీదున్న పేరు. "ఆ తర్వాత సంగతి నా చేతిలో లేదు," అన్నాడు.

"అలాగేనండీ."

"బాధగా లేదా?"

ఆమె నిజంగానే వెతికి చూసుకుంది. "ఇంకా తెలియడం లేదండీ," అంది.

ఆయన వెళ్లాక సీసా చూడటానికి ఆవరణలోకి నడిచింది. పొద్దున ఏడున్నరకే వచ్చి నింపింది, అయినా చూసింది. కొంచెం తగ్గినట్టుంటే డబ్బా వంచి పోసింది. అంచు దాకా అనుకుంటూ పోసేసరికి అంచు దాటి నీళ్లు వేళ్ల మీద కారాయి. పడమటి గాలి వీచింది. వేళ్లు చల్లబడ్డాయి. చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుని నిలబడింది. ఒక్కో వేలూ విడివిడిగా చల్లగా ఉంది. ఆరిపోయేదాకా ఉండి, ఇంకో నాలుగు చుక్కలు పోసుకుంది.

రెండు అవుతుండగా కొత్తమ్మాయి బడి నుంచి మధ్యాహ్నం విరామంలో పరుగెత్తుకుంటూ వచ్చింది. క్యారియరులో ఏదో ఒలికి మూత చుట్టూ కారుతోంది. ఏమైందని అడగబోయి మబ్బులక్క మొహం చూసి ఆగిపోయింది.

"ఉద్యోగం ఇంకో రెండేళ్లూ కొంచెం," అంది మబ్బులక్క.

"అబ్బ! అయితే బోలెడు!" అంది కొత్తమ్మాయి. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

పొడి ముప్పై రెండు పాయింటు ఎనిమిది. తడి ఇరవై అయిదు పాయింటు ఒకటి. మబ్బులక్క తల ఎత్తి నిలబడిన చోటే ఒక చుట్టు తిరిగింది. పక్కన కొత్తమ్మాయి కూడా తల ఎత్తి తిరిగింది, రెండు చుట్లు, సరదాకి. గుట్టల మబ్బులు, అడుగు చదునుగా, తూర్పు వైపంతా.

"ఎనిమిదిలో మూడు," అంది మబ్బులక్క.

"నాలుగు!"

"మూడే. ఆ చివరిది కొండ వెనక్కి పోతోంది, దాన్ని సగమే లెక్కపెట్టాలి."

"సగమేంటి వదినా, నాకు పూర్తిగా కనిపిస్తుంటే! మీరు అటు జరిగి చూడండి. కాదు, ఇటు. ఇదిగో, నా పక్కన."

లోపల ఫోను మోగింది. వేళ దాటిందని ఫోను బాబాయే చేశాడు. మబ్బులక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి రిసీవరు ఎత్తి, పొడి చెప్పింది, తడి చెప్పింది.

"మబ్బు ఎంత తల్లీ?"

"ఒక్క నిమిషం ఉండండి బాబాయ్," అంది ఆకాశం వైపు చూస్తూ. "తగువులో ఉంది."